డాలరు 90 దాటితే బ్యాంకులో దాచిన పది లక్షలకు ఏమైనట్లు?

2025 డిసెంబరు మొదటి వారంలో డాలరు ధర తొలిసారి 90 రూపాయలు దాటింది. ఆ ఏడాది మొదట్లో అది 86కు కాస్త తక్కువగా ఉండేది. ఈ వార్త విన్నప్పుడు విదేశీ వ్యాపారంతో సంబంధం లేని ఇళ్లలో కూడా ఒక బెంగ మొదలవుతుంది. ఉద్యోగ విరమణ చేసినప్పుడు వచ్చిన పది లక్షలను బ్యాంకులో వేసుకుని, ఆ వడ్డీతో మందులు కొనుక్కునే మనిషికి "రూపాయి పతనం" అన్న మాట వినగానే తన పది లక్షల్లో యాభై వేలు ఎవరో తీసుకుపోయినట్లే అనిపిస్తుంది. ఆ భయం పూర్తిగా నిరాధారమైనది కాదు, అయితే అది చూస్తున్న దిక్కు మాత్రం చాలాసార్లు సరైనది కాదు. ఎందుకంటే రూపాయి విలువ తగ్గడం అనే ఒకే మాట కింద మనం రెండు వేర్వేరు నష్టాలను కలిపి మాట్లాడుకుంటున్నాం. ముందు వాటిని విడదీస్తే తప్ప దాచుకున్న డబ్బును దేని నుంచి కాపాడుకోవాలో తేలదు.

ఒకే మాట, రెండు నష్టాలు

మొదటిది మారకపు విలువ, అంటే ఒక డాలరునో, ఒక కువైట్ దీనారునో కొనడానికి ఎన్ని రూపాయలు కావాలన్నది. రెండోది కొనుగోలు శక్తి, అంటే వంద రూపాయలకు మన ఊరి కిరాణా కొట్టులో, మందుల షాపులో, బడి ఫీజు కౌంటరు దగ్గర ఎంత వస్తుందన్నది. రోజూ టీవీలో కనిపించేది మొదటి అంకె. ఇంట్లో తగిలేది రెండోది, దానినే ద్రవ్యోల్బణం అంటాం.

ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. 2025నే తీసుకుందాం. డాలరుతో పోలిస్తే రూపాయి ఆ ఏడాదిలో దాదాపు 5 శాతం నష్టపోయింది, కానీ అదే ఏడాది అక్టోబరులో వినియోగ ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగివచ్చింది. బయట రూపాయి పడుతున్న కాలంలో ఇంట్లో కూరగాయలు, పప్పులు చవకగానే దొరికాయి. 2009-10, 2010-11 సంవత్సరాల్లో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. డాలరు సగటు ధర 47 నుంచి 46 దరిదాపులకు తగ్గి రూపాయి నిలకడగా కనిపించగా, పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ ప్రకారం ఆ రెండేళ్లూ ధరలు ఏటా 10 శాతానికి పైగా పెరిగాయి. దాచుకున్న డబ్బు ఎక్కువగా కరిగిపోయింది ఆ రెండేళ్లలోనే, అయినా అప్పుడు రూపాయి పతనం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

రెండింటి మధ్య అసలు సంబంధమే లేదని దీని అర్థం కాదు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. మన వంటిళ్లలో వాడే పామాయిల్, పొద్దుతిరుగుడు నూనెల్లో అధిక భాగం, పొలానికి వేసే పొటాష్ ఎరువు కూడా అంతే. డాలరు ధర పెరిగితే వీటి దిగుమతి ఖర్చు పెరుగుతుంది. అయితే ఆ భారం మన దాకా వచ్చేలోపు అంతర్జాతీయ ధరలు, పన్నులు, ఎరువుల రాయితీలు, పెట్రోలు ధరలను నెలల తరబడి కదలనివ్వకపోవడం వంటివి మధ్యలో నిలబడి, కొంత మింగేసి, కొంత ఆలస్యంగా వదులుతాయి. బియ్యం, ఇంటి అద్దె, పనిమనిషి జీతం వంటి వాటి మీద డాలరు ప్రభావం ఇంకా పరోక్షమైనది.

ఇంకో తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రభుత్వం ఒక నిర్ణయంతో మారకపు రేటును తగ్గిస్తే అది మూల్య న్యూనీకరణ. 1966 జూన్ 6న డాలరు ధరను 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చింది అలాంటి నిర్ణయమే. 1991 జులై మొదటి వారంలో, పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఏర్పడి రెండు వారాలైనా నిండకుండానే, రెండు విడతల్లో చేసింది కూడా అదే. 1993 మార్చి తర్వాత రేటును మార్కెట్టే నిర్ణయిస్తోంది. రిజర్వు బ్యాంకు మరీ పెద్ద కుదుపులు రాకుండా డాలర్లు కొంటూ, అమ్ముతూ ఉంటుంది. అందువల్ల ఇప్పుడు రూపాయి రాత్రికి రాత్రి ఒక ప్రకటనతో పడిపోదు, నెమ్మదిగా అరుగుతుంది. ఆ అరుగుదల ఎంతో కింద చూద్దాం.

పది లక్షల డిపాజిట్టు, పదేళ్ల లెక్క

2012 ధరలను 100గా తీసుకుని లెక్కించిన వినియోగ ధరల సూచీ 2014 డిసెంబరులో 119.4 దగ్గర ఉంది, 2024 డిసెంబరుకు 195.7కు చేరింది. అంటే ఆ పదేళ్లలో ధరలు 64 శాతం పెరిగాయి. 2014 చివర పది లక్షల రూపాయలకు వచ్చే సరుకు, సేవలు 2024 చివర కొనాలంటే సుమారు 16.4 లక్షలు కావాలి. దాచుకున్న డబ్బు నిలబడిందా, కరిగిందా అన్నదానికి ఈ 16.4 లక్షలే కొలబద్ద.

ఆ పది లక్షలను ఏటా 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్టులో, వడ్డీని కూడా అందులోనే ఉంచేలా వేశారనుకుందాం. పన్ను లేకపోతే పదేళ్లకు 19.67 లక్షలు అవుతుంది. వడ్డీపై 20 శాతం పన్ను కట్టేవారికి చేతికందే వడ్డీ 5.6 శాతమే కాబట్టి 17.24 లక్షలు. 30 శాతం పన్ను కట్టేవారికి 4.9 శాతం చొప్పున 16.13 లక్షలు. సెస్సును లెక్కలో చేర్చలేదు, చేరిస్తే ఇంకొంచెం తగ్గుతుంది. అంటే మొదటి వ్యక్తి నిజంగా లాభపడ్డారు, రెండో వ్యక్తి గట్టున పడ్డారు, మూడో వ్యక్తి పాసుబుక్కులో ఆరు లక్షలు పెరిగినట్లు చూసుకుంటూనే కొనుగోలు శక్తిలో స్వల్పంగా నష్టపోయారు. ముగ్గురికీ డాలరు ధరతో పనిలేదు. తేడా తెచ్చింది ధరల పెరుగుదల, పన్ను, ఈ రెండే. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు వార్షికాదాయం ఉన్నవారికి పన్ను పడదు కనుక, పెన్షన్ మీద బతికే చాలామందికి ఈ లెక్కలో మొదటి వరుసే ఇకముందు వర్తిస్తుంది.

అయితే ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కూడా అదే. పై ఉదాహరణలో వడ్డీని ముట్టుకోలేదు. వడ్డీని నెలనెలా తీసుకుని ఖర్చు పెట్టుకునే పెద్దవారి విషయంలో పది లక్షలు పదేళ్ల తర్వాత కూడా పది లక్షలుగానే ఉంటాయి, వాటి కొనుగోలు శక్తి మాత్రం 2014 నాటి ఆరు లక్షల పది వేలకు సమానం. నెలకు 5,800 రూపాయల వడ్డీ పదేళ్లూ అంతే ఉంటుంది, మందుల బిల్లు మాత్రం అక్కడే ఆగదు. పైగా సూచీ అన్నది దేశమంతటి సగటు. 2012ను ఆధారంగా తీసుకున్న ఆ సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం. డయాలసిస్‌కో, గుండె మందులకో ఎక్కువ ఖర్చయ్యే డెబ్బై ఏళ్ల మనిషి ద్రవ్యోల్బణాన్ని ఆ సగటు సరిగా చూపలేదు.

ధరలతో పాటే పెరిగే డిపాజిట్టు ఒకటి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులో అలాంటిదే ఒకటి, ద్రవ్యోల్బణానికి పైన 1.5 శాతం ఇచ్చే పొదుపు బాండ్లను, తెచ్చింది. జనం నుంచి స్పందన పెద్దగా రాలేదు, పథకం కొనసాగలేదు. వచ్చే వడ్డీ ముందే అంకెలో కనబడకపోవడం, ఎఫ్‌డీ రసీదుతో పోలిస్తే అర్థం చేసుకోవడం కష్టంగా ఉండటం అందుకు కారణాలని నా అభిప్రాయం. ఇప్పుడున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) పొదుపు బాండ్లు జాతీయ పొదుపు పత్రాల వడ్డీకి ముడిపడినవే తప్ప ధరలకు ముడిపడినవి కావు.

డాలర్లలో దాచుకుని ఉంటే?

రూపాయి పడుతుంటే డాలర్లు కొని పెట్టుకోవడం మేలు కదా అన్న వాదన సహజంగానే వస్తుంది. 2014 చివర డాలరు 63 రూపాయలు, 2024 చివర 85.6 రూపాయలు. పదేళ్లలో డాలరు 36 శాతం పెరిగింది, అంటే ఏటా సగటున 3 శాతం కంటే కాస్త ఎక్కువ. పది లక్షలు పెట్టి కొన్న డాలర్లను బీరువాలో దాచి ఉంటే 13.6 లక్షలు అయ్యేవి. మనకు కావలసింది 16.4 లక్షలు. ఏ పన్నూ పడకపోయినా డాలరు నోటు మన ధరల పెరుగుదలను దాటలేకపోయింది, మామూలు డిపాజిట్టు కంటే వెనకబడింది.

ఇది యాదృచ్ఛికం కాదు. అమెరికాలో వడ్డీలు చాలాకాలం తక్కువగా, ఇక్కడ ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఇక్కడి ధరలు అక్కడికంటే వేగంగా పెరగడమే. దీర్ఘకాలంలో రూపాయి అరుగుదల కూడా దాదాపు ఆ తేడా మేరకే ఉంటుంది. మన డిపాజిట్టుపై వచ్చే అదనపు వడ్డీ ఒక రకంగా ఆ అరుగుదలకు ముందే ఇస్తున్న పరిహారం.

అమెరికా షేర్లు కొన్నవారు బాగా లాభపడ్డారన్నది నిజమే. 2014 చివరి నుంచి 2024 చివరి వరకు అక్కడి ఎస్ అండ్ పీ 500 సూచీ 2,059 నుంచి 5,882కు, అంటే 2.86 రెట్లు పెరిగింది. ఇక్కడి నిఫ్టీ అదే కాలంలో 8,283 నుంచి 23,645కు చేరింది. అదీ సుమారు 2.85 రెట్లే. రూపాయల్లోకి మార్చుకుంటే అమెరికా సూచీ 3.9 రెట్లు అయింది, ఆ పైనున్న తేడా మాత్రమే కరెన్సీ తెచ్చింది. అసలు లాభం రెండు చోట్లా కంపెనీల ఎదుగుదల నుంచి వచ్చింది. షేర్లు సగానికి సగం పడిపోయే ఏళ్లు కూడా ఉంటాయని 2008లో రెండు దేశాల మదుపరులూ చూశారు. కనుక రూపాయి భయంతో షేర్లలోకి వెళ్లేవారు ఒక నష్ట భయాన్ని వదిలి, దానికంటే పెద్ద ఒడిదుడుకులను ఎత్తుకుంటున్నారన్న సంగతి తెలిసే వెళ్లాలి.

చట్టం విషయానికొస్తే, దేశంలో నివసించే వ్యక్తి సరళీకృత చెల్లింపుల పథకం కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు. పెట్టుబడి కోసం పంపేది పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తంపై 20 శాతం పన్నును బ్యాంకు ముందే వసూలు చేస్తుంది, రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. ఈ పరిమితి శాశ్వతమైనది కాదు. 2013 ఆగస్టులో రూపాయి జారిపోతున్నప్పుడు దానిని రెండు లక్షల నుంచి 75 వేల డాలర్లకు కుదించారు. తలుపు అవసరమైన సమయంలోనే సన్నబడిందన్నమాట.

బంగారం: రేటు ఒకటి, చీటీలో మొత్తం ఒకటి

మన ఇళ్లలో ఈ ప్రశ్నకు తరతరాలుగా ఉన్న జవాబు బంగారం. దేశం కూడా ఆపదలో అటే చూసింది. 1991లో విదేశీ చెల్లింపులకు డాలర్లు లేక రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టుగా విదేశాలకు పంపింది.

బంగారానికి ఉన్న ఒక గుణం గమనించదగ్గది. దాని ధర ప్రపంచంలో డాలర్లలో నిర్ణయమవుతుంది, మనం రూపాయల్లో కొంటాం. అందువల్ల రూపాయి పడితే, డాలర్లలో ధర కదలకపోయినా ఇక్కడ పెరుగుతుంది. 2011 సెప్టెంబరులో ఔన్సు 1,900 డాలర్లు తాకి, 2015 డిసెంబరుకు 1,050 దగ్గరికి పడిపోయింది, అంటే 45 శాతం నష్టం. మన దగ్గర అదే కాలంలో పది గ్రాముల ధర దాదాపు 28 వేల నుంచి 25 వేల దగ్గరికే తగ్గింది. రూపాయి బలహీనపడటం, 2012, 2013లలో దిగుమతి సుంకాన్ని 10 శాతం దాకా పెంచడం ఆ నష్టాన్ని పంచుకున్నాయి. సుంకం రెండు వైపులా పనిచేస్తుంది. 2024 జులై బడ్జెట్‌లో 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఇంట్లో ఉన్న బంగారం విలువ ఒక్కసారిగా పడింది. అయినా 2014 చివర 27 వేల దగ్గరున్న పది గ్రాములు 2024 చివర 76 వేలకు, 2025లో లక్ష పైకి చేరాయి. ద్రవ్యోల్బణాన్ని బంగారం బాగానే దాటిందని ఈ పదేళ్లు చెబుతాయి. పైన చూసిన 2011-15 మధ్య కొని, ఆపదలో అమ్ముకోవలసి వచ్చినవారి అనుభవం వేరు.

రేటు కంటే ముఖ్యమైనది నగల షాపులో చేతికిచ్చే ఎస్టిమేషన్ చీటీ. లెక్క సులువుగా ఉండేందుకు 22 క్యారెట్ల గ్రాము పది వేలు అనుకుందాం. 20 గ్రాముల గొలుసుకు బంగారం విలువ రెండు లక్షలు. దాని కింద తరుగు, మజూరీ కలిపి 14 శాతం, అంటే 28,000. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 6,840. చీటీ చివర 2,34,840. అదే గొలుసును మర్నాడు అమ్మకానికి తీసుకెళ్తే తరుగు, మజూరీ, జీఎస్టీ ఏవీ తిరిగి రావు. కరిగించినందుకు 2 శాతం తగ్గించినా చేతికి వచ్చేది 1,96,000. కొన్న రోజునే 38,840 రూపాయల లోటు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే గ్రాము ధర దాదాపు 20 శాతం పెరగాలి. పెళ్లికి వేసుకునే గొలుసుగా దాని విలువ వేరు, ఆ ఆనందానికి వెల కట్టలేం. పొదుపుగా చూసినప్పుడు మాత్రం రాళ్లు పొదిగిన హారం, సాదా బిళ్ల ఒకే బంగారం కావు.

ప్రభుత్వం అమ్మి, గడువు తీరాక అప్పటి బంగారం ధర ప్రకారం డబ్బు ఇచ్చే సార్వభౌమ పసిడి బాండ్లు ఈ లోటు లేని మార్గంగా ఉండేవి. 2015 నవంబరులో గ్రాముకు 2,684 రూపాయలకు ఇచ్చిన మొదటి విడతను 2023 నవంబరులో 6,132కు తిరిగి తీసుకున్నారు, మధ్యలో ఏటా వడ్డీ అదనం. ధర అంతగా పెరగడంతో ప్రభుత్వానికి అవి బరువయ్యాయి, 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడతలు రాలేదు.

స్థలాల గురించి ఒక్క మాట చాలు. హైదరాబాదు శివార్లలో గజాల లెక్కన కొని కోటీశ్వరులైనవారి కథలు అందరికీ తెలుసు, పదేళ్లుగా కొనేవారు దొరకక ఆగిపోయిన ప్లాట్ల కథలు ఎవరూ చెప్పుకోరు. భూమి విలువ కరెన్సీ కంటే రోడ్డు, రాజధాని, రిజిస్ట్రేషను వివాదాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

కూలిపోవడం వేరు, అరిగిపోవడం వేరు

డబ్బు విలువ గురించి భయపెట్టే ఉదాహరణలన్నీ కూలిపోయిన కరెన్సీలవి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 4.2 మార్కులున్న డాలరు 1923 నవంబరుకు జర్మనీలో 4.2 లక్షల కోట్ల మార్కులైంది. మన పక్కనే శ్రీలంకలో 2022 మార్చి ఆరంభంలో 200 దగ్గరున్న డాలరు మే నాటికి 360 రూపాయలు దాటింది, సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం దాదాపు 70 శాతానికి చేరింది. ఇలాంటి చోట డిపాజిట్టు వడ్డీ ఏ మూలకూ చాలదు, డాలర్లో, బంగారమో ఉన్నవారే నిలబడతారు.

అయితే డాలర్లు ఎక్కడ ఉన్నాయన్నది కూడా లెక్కే. అర్జెంటీనాలో చాలామంది జాగ్రత్తగా బ్యాంకుల్లో డాలరు ఖాతాలు పెట్టుకున్నారు. 2001 డిసెంబరులో ప్రభుత్వం నగదు ఉపసంహరణను వారానికి 250 పెసోలకు పరిమితం చేసింది. 2002 ఫిబ్రవరిలో డాలరు డిపాజిట్లన్నిటినీ డాలరుకు 1.40 పెసోల చొప్పున పెసోల్లోకి మార్చేసింది. కొన్ని నెలల్లోనే మార్కెట్‌లో డాలరు మూడున్నర పెసోలు దాటింది.

రూపాయిది ఈ కథ కాదు. డాలరు పదేళ్లలో 36 శాతం పెరిగే చోటికి, రెండు నెలల్లోనే 80 శాతం పెరిగే చోటికి ఒకే మందు పనిచేయదు. కూలిపోయే కరెన్సీకి తగిన మందును అరిగే కరెన్సీకి వాడితే ఏమవుతుందో బీరువాలోని డాలర్ల లెక్క చూపించింది.

మీ ఖర్చు ఏ కరెన్సీలో ఉంది?

ఇక్కడికి వచ్చాక అసలు ప్రశ్న "రూపాయి ఎంత పడింది" అన్నది కాదని, "ఈ డబ్బు ఏ ఖర్చు కోసం దాచాం" అన్నదని తేలుతుంది. వరంగల్‌లో ఉంటూ కొడుకును ఎంఎస్ చదువుకు అమెరికా పంపిన తల్లిదండ్రులను తీసుకుందాం. సెమిస్టరుకు 15 వేల డాలర్ల చొప్పున నాలుగు సెమిస్టర్లు. 2024 ఆగస్టులో డాలరు 84 ఉన్నప్పుడు చివరి సెమిస్టరుకు 12.6 లక్షలు పక్కన పెట్టారు. కట్టవలసిన రోజుకు డాలరు 90, కావలసింది 13.5 లక్షలు, అంటే 90 వేలు అదనం. ఆ 12.6 లక్షలు 7 శాతం డిపాజిట్టులో ఉండి ఉంటే ఆ పదహారు నెలల్లో పన్నుకు ముందు దాదాపు 1.18 లక్షల వడ్డీ వచ్చేది, అదనపు భారం తీరిపోయేది.

కానీ 2013 వేసవిలో ఇదే పద్ధతి పనిచేసేది కాదు. మే ఆరంభంలో 54 దగ్గరున్న డాలరు, అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తానన్న సూచనతో, ఆగస్టు 28న 68 దాటింది. అదే 15 వేల డాలర్లకు 8.1 లక్షలు దాచినవారు 10.2 లక్షలు కట్టాలి, నాలుగు నెలల వడ్డీ 9 శాతం చొప్పున చూసినా 24 వేలే. సగటు ఎంత నమ్మకమైనదైనా, ఫీజు కట్టే తేదీ సగటు రోజున పడదు. డాలర్లలో ఖాయమైన ఖర్చు దగ్గరపడిన కొద్దీ ఆ డబ్బును రూపాయల్లో ఉంచడం పొదుపు కాదు, పందెం అవుతుంది. విద్యా రుణంతో వెళ్లి అక్కడే ఉద్యోగం దొరికిన విద్యార్థికి ఇదంతా తలకిందులు. తీర్చాల్సింది రూపాయలు, సంపాదించేది డాలర్లు కనుక, రూపాయి పడిన ప్రతిసారీ అప్పు తేలికవుతుంది. ఉద్యోగం దొరకక తిరిగివస్తే ఆ తేలిక ఉండదు.

కువైట్‌లో పనిచేస్తూ రాజంపేటలోని ఇంటికి డబ్బు పంపే మనిషికి ఇంకో రకం ఎంపిక ఉంది. ప్రవాసుల కోసం బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఈ ఖాతాలో వేస్తే డబ్బు రూపాయల్లోకి మారుతుంది, వడ్డీ ఎక్కువ, దానిపై ఇక్కడ పన్ను లేదు, కానీ తర్వాత రూపాయి పడితే ఆ నష్టం ఖాతాదారుదే. ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్టులో డబ్బు డాలరు వంటి విదేశీ కరెన్సీలోనే ఉంటుంది, వడ్డీ తక్కువ, రూపాయి పతనం ఖాతాదారుకు తగలదు. మూడేళ్లలో తిరిగొచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకోవాలనుకునే వ్యక్తికి సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలి అన్నీ రూపాయల్లోనే ఉంటాయి కాబట్టి డాలరు రక్షణకు చెల్లించే ధర, అంటే వదులుకునే వడ్డీ, చాలావరకు వృథా. అదే గదిలో పక్క మంచం మీద పడుకునే మిత్రుడు తన కూతురిని విదేశంలో నర్సింగ్ చదివించాలనుకుంటే, అతనికి ఆ తక్కువ వడ్డీ డిపాజిట్టే సరిపోతుంది.